సొమ్మసిల్లిన పనివారికి కౌన్సెలింగ్: అవిశ్వాసమా? అవసరమా?



ఆరాధన ముగిశాక ప్రార్థన చేయించుకోవడానికి వచ్చేవారి మనవులు ఏ సంఘంలోనైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. జ్వరం, అప్పు, పెళ్లి సంబంధం, పిల్లల చదువు. ఈ మధ్య వాటి పక్కన మరొకటి వచ్చి చేరింది. "అయ్యగారూ, డ్యూటీకి వెళ్లాలంటే కాళ్లు రావడం లేదు. ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ మొదలవుతోంది. ప్రార్థన చేస్తూనే ఉన్నాను. కౌన్సెలింగ్‌కు వెళ్లమని ఆఫీసులో అంటున్నారు. వెళ్లవచ్చా?" అని అడుగుతున్నారు. అడిగేటప్పుడు గొంతు తగ్గించి, పక్కన ఎవరైనా వింటున్నారేమోనని చూసుకుని మరీ అడుగుతున్నారు.

వెళ్లవచ్చు. చాలామంది విషయంలో వెళ్లాలి కూడా. అయితే ఎవరి దగ్గరకు వెళ్లాలి, అక్కడ ఏం జరుగుతుంది, విశ్వాసికి అందులో ఉండే సందేహాలేమిటి, సంఘం చేయవలసిందేమిటి అనేవి తెలిసి వెళ్లడం మంచిది. ఈ వారం వాటినే వివరంగా చూద్దాం.

బర్నవుట్ అంటే ఏమిటి?

ఈ మాటను వైద్య రచనల్లోకి తెచ్చినవారిలో ముఖ్యుడు హెర్బర్ట్ ఫ్రూడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన న్యూయార్క్‌లో పేదల కోసం నడిచే ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేస్తూ, అక్కడ స్వచ్ఛందంగా సేవచేసే వారిని గమనించి 1974లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఎంతో ఆసక్తితో వచ్చినవారే కొంతకాలానికి నీరసించి, విసుగుబోతులై, తాము ఎవరికి సేవచేయడానికి వచ్చారో వారినే చీదరించుకునే స్థితికి వస్తున్నారని అందులో రాశాడు. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. బర్నవుట్ సోమరికి వచ్చేది కాదు. మనసుపెట్టి పనిచేసేవారికే ఎక్కువగా వస్తుంది. దీపంలో నూనె ఉన్నంతసేపు నూనె వెలుగుతుంది. నూనె అయిపోయాక వత్తి కాలడం మొదలవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో బర్నవుట్‌కు చోటిచ్చింది. అయితే దాన్ని జబ్బుగా లెక్కించలేదు. పనిచేసే చోట దీర్ఘకాలం ఉన్న ఒత్తిడిని సరిగా అదుపు చేయకపోవడం వల్ల కలిగే పరిస్థితిగా వర్ణించింది. దానికి మూడు గుర్తులు చెప్పింది. మొదటిది, శక్తి అంతా హరించుకుపోవడం. రెండవది, పని మీద మనసు విరిగిపోవడం, పనినీ తోటివారినీ చులకనగా చూడడం. మూడవది, ఎంత చేసినా ఏమీ సాధించలేకపోతున్నానన్న భావన.

మామూలు అలసటకూ దీనికీ తేడా ఉంది. అలసిన మనిషి రెండు రోజులు నిద్రపోతే లేచి కూర్చుంటాడు. బర్నవుట్ అయిన మనిషి పదిరోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్లివచ్చినా, ఆఫీసు గేటు కనబడగానే పాత బరువంతా తిరిగి మీద పడుతుంది.

డిప్రెషన్‌కూ దీనికీ కూడా తేడా ఉంది. బర్నవుట్ ప్రధానంగా పని చుట్టూ తిరుగుతుంది. డిప్రెషన్ బ్రతుకంతా కమ్ముకుంటుంది. తిండి రుచించదు, పిల్లల నవ్వు తాకదు, ఇష్టమైన పాట కూడా వినబుద్ధి కాదు. ఇలా దాదాపు ప్రతిరోజూ రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. ఒక్కోసారి రెండూ కలిసి ఉంటాయి. ఏది ఏమిటో మనకు మనం తేల్చుకోలేం. శారీరక కారణాలు కూడా ఉండవచ్చు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, షుగర్, బి12 విటమిన్ తగ్గడం వంటివి కూడా మనిషిని ఇలాగే నీరసింపజేస్తాయి. కాబట్టి ముందు మామూలు డాక్టరు దగ్గర రక్తపరీక్షలు చేయించుకోవడం మంచి ఆరంభం.

ఏలీయాకు దేవుడు చేసిన పరిచర్య

"విశ్వాసం ఉంటే ఇలా ఎందుకవుతుంది?" అని అడిగేవారు 1 రాజులు 19వ అధ్యాయాన్ని నిదానంగా చదవాలి. కర్మెలు కొండ మీద అగ్నిని దింపిన ప్రవక్త, తర్వాతి అధ్యాయంలోనే బదరీవృక్షం కింద పడి చావు కోరుకున్నాడు. ఆయన ప్రార్థన మానలేదు. అయితే ఆ ప్రార్థనే తన ప్రాణం తీసుకొమ్మని.

దేవుడు ఆ మనవిని ఆలకించలేదు, దానికి గద్దించనూ లేదు. మొదట నిద్రపోనిచ్చాడు. తర్వాత దూత చేత రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ తినిపించాడు. ప్రయాణం నీ శక్తికి మించిందని దూత చేత చెప్పించాడు. హోరేబు చేరాక, ఇక్కడ ఏం చేస్తున్నావని అడిగి, గుండెలో ఉన్నదంతా చెప్పుకోనిచ్చాడు. అదే ప్రశ్న రెండోసారి అడిగితే ఏలీయా అదే గోడు రెండోసారి చెప్పాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు. ఆ తర్వాతే, నేనొక్కడినే మిగిలానన్న ఆయన లెక్కను సరిచేశాడు. ఇంకా ఏడువేలమంది ఉన్నారని చెప్పి, పనిలో తోడుగా ఎలీషాను ఇచ్చాడు.

ఈ క్రమం చూడండి. శరీరానికి విశ్రాంతి, ఆహారం. తర్వాత మనసు విప్పి మాట్లాడే అవకాశం. తర్వాత తప్పుడు లెక్కను దిద్దడం. చివరికి పనిని పంచుకునే తోడు. మనం సాధారణంగా దీన్ని తలకిందులు చేస్తాం. మనిషి వచ్చి కూర్చోగానే అతని లెక్క దిద్దడం మొదలుపెడతాం. అతను తిన్నాడా, నిద్రపోయాడా అని అడగం.

నిర్గమకాండం 18లో యిత్రో సంగతి కూడా ఉంది. మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనుల తగవులు తీర్చడం మామ చూశాడు. ఇలాగైతే నీవూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతుందని చెప్పి, వెయ్యిమందికీ వందమందికీ యాభైమందికీ పదిమందికీ అధిపతులను పెట్టుకోమన్నాడు. యిత్రో మిద్యాను యాజకుడు, బయటివాడు. దేవునితో ముఖాముఖిగా మాట్లాడిన మోషే ఆ బయటివాడి సలహా విని అమలు చేశాడు. అది అతని విశ్వాసానికి కొరత అని లేఖనం ఎక్కడా చెప్పలేదు. మనుష్యుని హృదయంలోని ఆలోచన లోతైన నీళ్లవంటిదనీ, వివేకి దాన్ని పైకి చేదుతాడనీ సామెతలు 20:5 చెబుతుంది. కౌన్సెలర్ పని చాలావరకు ఆ చేదడమే.

ఎవరు ఎవరు?

బయట బోర్డులు రకరకాలుగా ఉంటాయి. తేడా తెలియక చాలామంది తప్పు తలుపు తడతారు.

*సైకియాట్రిస్టు*: ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. రోగ నిర్ధారణ చేసి మందులు రాస్తారు. నిద్ర పూర్తిగా పోయినా, చావు ఆలోచనలు వస్తున్నా, డిప్రెషన్ అనుమానం ఉన్నా ముందు ఇక్కడికే వెళ్లాలి.

*క్లినికల్ సైకాలజిస్టు*: మందులు రాయరు. మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు. మన దేశంలో వీరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. నమోదు సంఖ్య అడగడంలో తప్పులేదు.

*కౌన్సెలర్*: కౌన్సెలింగ్‌లోనో సైకాలజీలోనో పీజీ చేసినవారు ఉంటారు, నాలుగు వారాంతాల కోర్సు చేసినవారూ ఉంటారు. కాబట్టి చదువు ఏమిటో, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారో తప్పక అడగాలి.

*కోచ్*: చికిత్స చేయరు. పనిలో లక్ష్యాలు, సమయం, పై అధికారితో మాట్లాడే తీరు, ఉద్యోగం మారాలా వద్దా వంటి విషయాల్లో ఆలోచించుకోవడానికి తోడుంటారు. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ వంటి సంస్థలు శిక్షణ గంటలను బట్టి ధ్రువపత్రాలు ఇస్తాయి. అవి ఉన్నాయేమో చూడవచ్చు.

ఒక్కమాటలో చెప్పాలంటే, గాయం ఉంటే థెరపీ, దారి తోచకపోతే కోచింగ్. నిద్ర, ఆకలి, కన్నీళ్లు అదుపులో లేనప్పుడు కోచ్ దగ్గరకు వెళ్లడం, కాలు విరిగినవాడు పరుగు నేర్పేవాడి దగ్గరకు వెళ్లినట్టు ఉంటుంది.

లోపల ఏం జరుగుతుంది?

గచ్చిబౌలిలో ఒక సహోదరి టీమ్ లీడ్‌గా పనిచేస్తోంది అనుకుందాం. రాత్రి పదకొండు దాకా అమెరికా కాల్స్. శనివారం క్వయర్ ప్రాక్టీసు. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి సండే స్కూల్. ఇంట్లో అత్తగారికి అనారోగ్యం. ఆమె థెరపిస్టు దగ్గరకు వెళ్లింది.

మొదటి రోజు ఎక్కువగా ప్రశ్నలే ఉంటాయి. నిద్ర, తిండి, ఆరోగ్యం, కుటుంబం, పని గంటలు, మందులు, గతంలో జరిగినవి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని కూడా సూటిగా అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడకూడదు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. నిజం చెప్పుకునే దారి దొరుకుతుంది. సాధారణంగా ఒక్కో కూర్చోవడం ముప్పావుగంట నుంచి గంట ఉంటుంది. మొదట వారానికొకసారి రమ్మంటారు. మొదటి రోజే తేలికపడకపోవచ్చు. కొందరికి ఆ సాయంత్రం బరువు ఇంకాస్త ఎక్కువగా కూడా అనిపిస్తుంది.

తర్వాతి వారాల్లో థెరపిస్టు ఆమె ఆలోచనలను ఆమె చేతే కాగితం మీద పెట్టిస్తారు. అప్పుడు ఒక వాక్యం బయటపడుతుంది. "కాదంటే నేను చెడ్డ ఉద్యోగిని, చెడ్డ కోడలిని, చెడ్డ విశ్వాసిని." ఇన్నాళ్లూ ఆమెను తోలుతున్నది ఆ వాక్యమే. అది నిజమా, ఎవరు నేర్పారు, దానికి ఆధారమేమిటి అని ఇద్దరూ కలిసి పరిశీలిస్తారు. ఆలోచనకూ భావానికీ ప్రవర్తనకూ ఉన్న ముడిని ఇలా విప్పే పద్ధతిని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. ఆరన్ బెక్ అనే వైద్యుడు 1960లలో దీనికి రూపమిచ్చాడు. దీనిలో ఇంటిపని కూడా ఉంటుంది. ఈ వారం ఒక్క కాల్‌కు రాలేనని చెప్పి చూడండి, ఏం జరిగిందో రాసుకుని రండి అంటారు. ఆమె చెప్పి చూస్తుంది. ఆకాశం విరిగిపడదు. అదే ఆమెకు ఆ వారం పాఠం.

నాలుగైదు సార్లు వెళ్లాక ఏ మార్పూ కనబడకపోతే ఆ మాట థెరపిస్టుకే చెప్పండి. మంచి థెరపిస్టు నొచ్చుకోరు. పద్ధతి మారుస్తారు, లేదా మరొకరి దగ్గరకు పంపుతారు.

విశ్వాసి సందేహాలు

*వేరే మతంవారి దగ్గరకు వెళ్లవచ్చా?* పంటినొప్పికి వెళ్లేటప్పుడు డాక్టరు మతం అడగం. ఇక్కడ మనసు విప్పుతాం కాబట్టి సందేహం సహజమే. మొదటి రోజే "నా విశ్వాసం నాకు ముఖ్యం, దాన్ని గౌరవించాలి" అని చెప్పండి. మీ మనస్సాక్షికి సరిపడని అభ్యాసం ఏదైనా చెబితే వద్దని, వేరొకటి చూపమని అడిగే హక్కు మీకుంది. మరోవైపు, "క్రైస్తవ కౌన్సెలర్" అన్న బోర్డు ఒక్కటే అర్హత కాదు. అక్కడ కూడా చదువు, శిక్షణ అడగాలి.

*నా సంగతి బయటకు వస్తుందా?* 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవారికి గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. ఈ విషయంలో సంఘమే కొంత నేర్చుకోవాలి. "ఫలానా సహోదరి కోసం ప్రార్థించండి, కౌన్సెలింగ్‌కు వెళ్తోందట" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేది ప్రార్థన మనవి కాదు. అది కొండెము.

*డబ్బు?* ప్రైవేటులో రుసుము ఊరిని బట్టి, మనిషిని బట్టి మారుతుంది. ముందే అడగండి. చాలా పెద్ద కంపెనీల్లో ఉద్యోగులకు కొన్ని కౌన్సెలింగ్‌లు ఉచితంగా ఇచ్చే పథకం ఉంటుంది. హెచ్ఆర్ వారిని అడిగితే చెబుతారు. మానసిక వ్యాధికీ శారీరక వ్యాధిలాగే బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. అయితే ఆస్పత్రిలో చేరితేనే వర్తించే పాలసీలు చాలా ఉన్నాయి కాబట్టి మీ పాలసీ చదువుకోండి. ప్రభుత్వ వైద్యంలో హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. బోధనాసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. వేలూరు సీఎంసీకి బాగాయంలో ఆరు దశాబ్దాలకు పైబడిన మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. క్రైస్తవ వైద్య పరిచర్య మానసిక చికిత్సను ఏనాడో తన పనిగా స్వీకరించిందనడానికి అదే సాక్ష్యం.

ఎక్కడికీ వెళ్లలేనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మీకు గాని, మీ ఇంట్లోవారికి గాని చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఆదివారం దాకా ఆగవద్దు. ఈరోజే ఫోన్ చేయండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

థెరపీ చేయలేనిది

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ముగ్గురు చేయవలసిన పనిని ఒక్కరి చేత చేయించే ఆఫీసును థెరపీ బాగుచేయలేదు. బర్నవుట్‌ను ఏళ్ల తరబడి పరిశోధించిన క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లైటర్ అనేవారు ఇది ముఖ్యంగా ఆరు చోట్ల పుడుతుందని చెప్పారు. పనిభారం, మన పని మీద మనకు అధికారం లేకపోవడం, గుర్తింపు లేకపోవడం, తోటివారితో బంధం తెగడం, అన్యాయం, మన విలువలకూ పనికీ పొసగకపోవడం. వీటిలో మనిషి లోపలి బలహీనత అన్నది ఒక్కటి కూడా లేదు. అన్నీ మనిషికీ పనికీ మధ్య ఉన్నవే. కాబట్టి మంచి థెరపీ అయినా కోచింగ్ అయినా మనిషిని మరింత మోయగలిగేలా తయారుచేయడంతో ఆగకూడదు. ఏ బరువు దించాలి, ఎవరితో మాట్లాడాలి, అవసరమైతే ఎప్పుడు బయటకు రావాలి అన్నది కూడా చూపాలి. ఫరో ఇటుకల లెక్క తగ్గించకుండా గడ్డి ఇవ్వడం మానేశాడు. దేవుడు ఇశ్రాయేలీయులకు అక్కడే ఓర్చుకోవడం నేర్పి ఊరుకోలేదు. బయటకు తెచ్చాడు. తెచ్చాక వారికి విశ్రాంతి దినాన్ని ఇచ్చాడు.

ఇదే కొలబద్దతో మన సంఘాలను కూడా కొలుచుకుందాం. ఆరు రోజులు ఆఫీసులో నలిగినవారికి ఏడవ రోజు మనం విశ్రాంతి ఇస్తున్నామా, మరో షిఫ్టు ఇస్తున్నామా? క్వయర్, సండే స్కూల్, యూత్ మీటింగ్, లైవ్ ప్రసారం, భోజనాల ఏర్పాటు అన్నిటికీ ఆ ఐదుగురే కనబడుతుంటే, వారు ఆసక్తిగలవారని పొగడడంతో సరిపెట్టకూడదు. మోషేకు కావలసివచ్చినట్టే వారికీ పదిమందికొక అధిపతి కావాలి. కాపరులు, వారి భార్యలు కూడా దీనికి మినహాయింపు కాదు. వారంలో ఒక్కరోజు కాపరి ఫోన్ మోగకుండా చూడడం సంఘ పెద్దలు చేయగలిగిన మంచి పరిచర్య.

సంఘం చేయగలిగినవి మరికొన్ని ఉన్నాయి. బాధ్యత దించుకుంటానని ఒక సహోదరుడు అడిగితే కారణం చెప్పమని నిలదీయకుండా దించనివ్వండి. థెరపీకి వెళ్లే తల్లి పిల్లలను ఆ గంటసేపు చూసుకోండి. రుసుము కట్టలేనివారికి సహాయ నిధి నుంచి గుట్టుగా ఇవ్వండి. మందులు వాడేవారిని విశ్వాసంతో మానేయమని ఎవరూ సలహా ఇవ్వకూడదు. మందు ఆపడం డాక్టరు చెప్పాలి. ఇక ప్రార్థన అంటారా, మానవద్దు. అయితే మనిషి పక్కన కూర్చుని చేయండి, చేశాక అన్నం తిన్నారా అని అడగండి.

భారం భరించండని గలతీయులకు 6:2లో చెప్పిన అపొస్తలుడే, కొద్ది వాక్యాల తర్వాత ఎవని బరువు వాడే మోయాలని కూడా చెప్పాడు. రెండింటికీ పొందిక ఉంది. అపాయింట్‌మెంటు తీసుకుని ఆ గది తలుపు తట్టడం సొమ్మసిల్లినవారు మోయవలసిన వంతు. ఆ తలుపు దాకా వెళ్లడానికి సిగ్గుపడనవసరం లేని సంఘంగా ఉండడం మన వంతు.

ఈ వారమే మీ సంఘంలో ఎప్పుడూ "కాదు" అనని ఒక మనిషిని గుర్తుచేసుకోండి. పని అప్పగించడానికి కాకుండా, ఎలా ఉన్నారని అడగడానికే ఫోన్ చేయండి. ఆ మనిషి మీరే అయితే, 14416 రాసి పెట్టుకోండి. ఏలీయాకు రొట్టె పంపిన దేవుడు మిమ్మును బలపరచును గాక.